రూ. 7.80 లక్షల కొత్త కారా, రూ. 5.20 లక్షల పాత కారా? ఇంట్లో తేలడం లేదు

లెక్కల మాస్టారు, సూర్యాపేట
ఆదివారం, రాత్రి 9.12

రెండేళ్లుగా ఈ చర్చావేదికలో మీరు రాసేవి చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. పిల్లలకు చక్రవడ్డీ నేర్పించే నాకు సొంత ఇంటి లెక్క తేలకపోవడం కొంచెం సిగ్గుగానే ఉంది.

మేం అయిదుగురం: మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, నాన్న. నాన్నకు మోకాలి ఆపరేషన్ అయ్యాక బస్సు మెట్టు ఎక్కడం కష్టమైపోయింది. నెలకోసారి హైదరాబాదు ఆసుపత్రికి, రెండు వారాలకోసారి ఊరికి వెళ్లాలి. అంతా కలిపి నెలకు 500 కిలోమీటర్లు దాటదు. బడికి నేను స్కూటరు మీదే వెళతాను.

చేతిలో 3 లక్షల 80 వేలు ఉన్నాయి. కొత్త చిన్న పెట్రోలు కారు అన్నీ కలుపుకొని 7 లక్షల 80 వేలు అంటున్నారు, అంటే 4 లక్షలు అప్పు. అదే మోడల్ 2019 మార్చి బండి హైదరాబాదులో ఒకచోట 5 లక్షల 20 వేలకు ఉంది. 48 వేల కిలోమీటర్లు తిరిగిందట. ప్రకటనలో 'డాక్టరు గారి కారు, మొదటి యజమాని' అని రాశారు.

నాన్న కొత్తదే కొనమంటారు. మా ఆవిడ అప్పు వద్దంటుంది. పైగా ధనుర్మాసం వస్తోంది, ఏదైనా ఆలోపే తేల్చమని ఇంట్లో గడువు. షోరూము వాళ్లేమో డిసెంబరు తగ్గింపు అని రోజూ ఫోన్ చేస్తున్నారు. ఏం చేయమంటారు?

ముందు సీటు, కూకట్‌పల్లి
ఆదివారం, రాత్రి 9.40

మాస్టారూ, నాన్నగారి మాట వినండి. పోయినేడాది నేను కొత్త కారు కొన్నాను. ఇంతవరకు బానెట్ ఎత్తాల్సిన పని పడలేదు. వారంటీ ఉంది, ఏ శబ్దం వచ్చినా తీసుకెళ్లి వాళ్ల ముందు పెడతాను. పాత కారు కొన్న మా అన్నయ్య మాత్రం ప్రతి ఆదివారం మెకానిక్ దగ్గరే ఉంటాడు. వదిన ఆ మెకానిక్‌ను 'మీ తమ్ముడు' అంటోంది.

పెద్దాయనను ఆసుపత్రికి తీసుకెళ్లే బండి దారిలో ఆగిపోతే ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి.

వడ్డీ కాసులు, నెల్లూరు
ఆదివారం, రాత్రి 10.25

ముప్పై మూడేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మాస్టారికి లెక్క చెప్పడం సాహసమే, అయినా చెబుతాను.

4 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు అంటే నెలకు 8,300 వాయిదా. మొత్తం కట్టేది 4 లక్షల 98 వేలు. అందులో వడ్డీయే 98 వేలు. ఇక కారు విలువ ఎలా కరుగుతుందో బీమా పాలసీలోనే రాసి ఉంటుంది. ఆరు నెలలు దాటితే 15 శాతం తగ్గిస్తారు, ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లకు 40, నాలుగేళ్లు దాటితే సగం. బజారులో ఇంతకంటే కొంత మెరుగైన ధరే వస్తుంది, కాదనను. కానీ షోరూము గేటు దాటిన రోజు నుంచే కరగడం మొదలవుతుంది. జీఎస్‌టీ, లైఫ్ ట్యాక్స్, మొదటి బీమా కోసం మీరు పోసిన డబ్బు అమ్మేటప్పుడు ఎవరూ తిరిగివ్వరు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

ఇంకొక మాట ఎవరూ చెప్పడం లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 18 శాతానికి దిగింది. అంతకు ముందు చిన్న పెట్రోలు కారు మీద సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. అంటే షోరూము ధర 7 లక్షలున్న కారు, కంపెనీ ఆ తగ్గింపు మొత్తం ఇస్తే, 6 లక్షల 40 వేలకు వస్తుంది. కొత్త కారే 60 వేలు దిగినప్పుడు పాత కారు నిన్నటి ధర దగ్గర ఎందుకు నిలబడాలి? ఆ 5 లక్షల 20 వేలు ఎప్పటి లెక్కో ముందు అడగండి.

ముందు సీటు, కూకట్‌పల్లి
ఆదివారం, రాత్రి 10.31

వడ్డీ కాసులు గారూ, లెక్క బాగుంది. అందులో రాత్రి నిద్ర విలువ ఏ వరుసలో వేశారు?

వడ్డీ కాసులు, నెల్లూరు
ఆదివారం, రాత్రి 10.44

వాయిదా వరుసలోనే వేశాను బాబూ. నెలకు 8,300 చొప్పున అరవై నెలలు. ఎవరి నిద్ర దేనివల్ల పోతుందో వాళ్ల ఇష్టం.

ఆటోనగర్ అన్న, విజయవాడ
సోమవారం, ఉదయం 6.05

కొత్తదా పాతదా అని పంచాయతీ తర్వాత పెట్టుకోండి. ముందు ఆ హైదరాబాదు బండి సంగతి చూద్దాం. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పైన పటారం, లోన లొటారం బండ్లు వారానికి రెండు చూస్తాను.

పొద్దున్నే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే మీరు రాకముందే ఒకసారి స్టార్ట్ చేసి సిద్ధం చేశారని అర్థం. రేపు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజను మొదటిసారి తిరిగేటప్పుడు చెప్పే నిజాలు వేడెక్కాక చెప్పదు. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. ఆయిల్ మూత తిప్పి లోపలి వైపు చూడండి, మీగడలా తెల్లగా ఉంటే నీళ్లు కలుస్తున్నాయేమో అని అనుమానించాలి.

టైరు పక్కన గుండ్రటి గీతలో నాలుగంకెలు ఉంటాయి. 0819 అంటే 2019లో ఎనిమిదో వారం తయారైనది. నాలుగు చక్రాలతో పాటు స్టెప్నీ కూడా చూడండి. అద్దాల మూలన కంపెనీ గుర్తు కింద సంవత్సరం అంకె ఉంటుంది, అన్నిటి మీదా ఒకటే ఉండాలి. ఒక్క తలుపు అద్దం వేరుగా ఉంటే ఆ తలుపు కథ అడగండి. బానెట్ బోల్టుల మీద పెయింట్ చెదిరితే ఎప్పుడో విప్పారు.

అన్నిటికంటే ముఖ్యం, సీటు బెల్టును చివరిదాకా లాగండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలబడ్డాయి. 2020 అక్టోబరులో మీ హైదరాబాదులోనూ అంతే. అవన్నీ తుక్కుకు పోలేదు. సీట్లు ఉతికి, కార్పెట్ మార్చి, సువాసన చల్లి, వేరే జిల్లాలో అమ్ముతారు. బెల్టు లోపలి చుట్టను మాత్రం ఎవరూ ఉతకరు. మట్టి చార అక్కడ అలాగే ఉంటుంది. సీటు కింద పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు కూడా చూడండి.

చివరగా, డ్యాష్‌బోర్డు అరలో మాన్యువల్ పెట్టే సంచి ఉంటుంది. అందులో కాగితాలన్నీ తీసి చదవండి. అమ్మేవాడు బండిని కడుగుతాడు కానీ ఆ సంచిని కడగడు.

ఇద్దరు పిల్లల తల్లి, కాకినాడ
సోమవారం, ఉదయం 11.20

ధర గురించి, పొగ గురించి ఇంతమంది రాశారు. పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు.

మాస్టారూ, 2019 మార్చి బండి అంటున్నారు. డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ అన్ని కార్లకూ తప్పనిసరి చేసింది అదే ఏడాది జులైలో. పక్క సీటుకు కూడా అన్ని కార్లలో తప్పనిసరి అయింది 2022 మొదలయ్యాకే. అంతకు ముందు చాలా మోడళ్లలో కింది రకం కొంటే ఒక్క ఎయిర్‌బ్యాగే వచ్చేది, లేదా అదీ లేదు. ప్రకటనలో ఏ రకమో రాశారా? ఆ పక్క సీట్లో కూర్చునేది మీ నాన్నగారు.

నేను పాతదే కొనాలనుకున్నాను. ఈ ఒక్క లెక్కతో కొత్తది కొన్నాను. వాయిదా కడుతూ అప్పుడప్పుడు తిట్టుకుంటాను, అబద్ధం ఎందుకు. కానీ 65వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట లారీల మధ్య వెళ్లేటప్పుడు తిట్టుకోను.

లెక్కల మాస్టారు, సూర్యాపేట
సోమవారం, మధ్యాహ్నం 1.15

కాకినాడ అమ్మగారూ, నిజంగా ఇది నాకు తట్టలేదు. ప్రకటన మళ్లీ చూశాను. అలాయ్ చక్రాల ఫొటోలు ఆరు పెట్టారు, ఏ రకమో రాయలేదు. శనివారం వెళ్లి చూస్తాను.

కట్టని చలాను, వరంగల్
సోమవారం, రాత్రి 8.50

నేను అమ్మినవాడిని. నా కథ కూడా వినండి, కొనేవాళ్లకూ పనికొస్తుంది.

2023లో నా కారును ఒక మధ్యవర్తికి అమ్మాను. బండి పేరు మార్పిడికి రవాణా కార్యాలయంలో ఇచ్చే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకున్నాడు, కొన్నవాళ్ల పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేశాడు. 'మంచి బేరం రాగానే వాళ్ల పేరు మీదికి మార్చేస్తాను సార్' అన్నాడు. డబ్బు చేతికొచ్చింది, నేనూ మర్చిపోయాను. ఆరు నెలల తర్వాత ఫోనుకు చలాన్లు రావడం మొదలైంది. హెల్మెట్ చలానైతే నవ్వుకునేవాడిని, ఇవి అతివేగానివి. ఆ తర్వాత ప్రమాదం కేసులో కోర్టు నోటీసు వచ్చింది. ఆ బండి అప్పటికి మూడు చేతులు మారింది, రిజిస్ట్రేషన్ కాగితం మీద మాత్రం నా పేరే ఉంది.

లాయరు చూపించిన తీర్పు 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చింది. బండి ఎవరికి అమ్మినా, రికార్డులో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్లదేనట. మోటారు వాహనాల చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలి. చేతులు కాలాక ఇవన్నీ చదివాను.

కాబట్టి మాస్టారూ, ఆ డాక్టరు గారితో నేరుగా మాట్లాడనివ్వకపోతే ఆ బండి వద్దు. డాక్టరు గారికి కూడా మీతో మాట్లాడటం మంచిదే, పాపం ఆయనకు తెలియకపోవచ్చు.

వడ్డీ కాసులు, నెల్లూరు
సోమవారం, రాత్రి 9.30

దీనికి ఒక తోక. పాత యజమాని ఏళ్ల తరబడి బీమా క్లెయిమ్ చేయకపోతే వచ్చే బోనస్ తగ్గింపు, 50 శాతం దాకా ఉంటుంది, అది ఆయనది. బండితో పాటు రాదు. 'బీమా చాలా తక్కువ సార్, చూడండి' అని పాత రసీదు చూపిస్తారు, మీరు కట్టాల్సింది ఎక్కువే ఉంటుంది. 14 రోజుల్లో పాలసీ కూడా మీ పేరు మీదికి మార్పించుకోండి. లేకపోతే మీ కారుకు జరిగిన నష్టం దగ్గర కంపెనీ పేచీ పెడుతుంది.

బండి అప్పు తీరిందో లేదో కూడా చూడండి. రిజిస్ట్రేషన్ కాగితం మీద బ్యాంకు పేరు ఉంటే, ఆ పేరు తీసేయించే ఫారం 35, అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే లేఖ లేకుండా ఒక్క రూపాయి ఇవ్వవద్దు. ఇది బ్యాంకువాడిగా చెబుతున్నాను.

డాలస్ గోదావరి
మంగళవారం, ఉదయం 7.48

తణుకులో అమ్మానాన్నల కోసం రెండేళ్ల క్రితం ఒక పాత కారు కొన్నాను. ఏడేళ్ల బండి, 14 వేల కిలోమీటర్లే తిరిగింది. ఇక్కడి నుంచే ఫొటోలు చూసి ముచ్చటపడి, మీటరు మోసం లేదని కాగితాలతో సహా నిర్ధారించుకుని మరీ కొన్నాను. మీటరు నిజమే. సమస్య కూడా అదే. ఏడేళ్లు షెడ్డులో నిలబడింది. టైర్లు అరగలేదు, పగుళ్లిచ్చాయి. బ్యాటరీ పోయింది. వైర్లను ఎలుకలు కొరికాయి. మొదటి మూడు నెలల్లో 58 వేలు పెట్టాను.

తక్కువ తిరిగిన బండి అనగానే ఎగబడకండి.

ఆటోనగర్ అన్న, విజయవాడ
మంగళవారం, ఉదయం 8.10

నూటికి నూరుపాళ్లు. నిలబెట్టిన ఎద్దు, నిలబెట్టిన బండి ఒకటే.

లెక్కల మాస్టారు, సూర్యాపేట
శనివారం, రాత్రి 8.05

వెళ్లి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

శుక్రవారం వస్తానని చెప్పి శనివారం ఉదయం ఏడున్నరకు వెళ్లాను. నగరం అంచున ఉన్న పాత కార్ల దుకాణం. బండి తళతళలాడుతోంది, లోపల మల్లెపూల సువాసన. బానెట్ చల్లగానే ఉంది, స్టార్ట్ చేస్తే పొగ లేదు, శబ్దం లేదు. సీటు బెల్టు చివరిదాకా లాగాను, శుభ్రంగా ఉంది. నిజం చెప్పాలంటే మనసు పడిపోయింది. మా ఆవిడకు ఫొటో కూడా పంపించాను.

స్టెప్నీ మీద 0519 అని ఉంది. నాలుగు చక్రాలూ 2025వి. కొత్త టైర్లు వేసి అమ్ముతున్నారు, మంచిదే కదా అనుకున్నాను. క్లచ్ పెడల్ రబ్బరు కొత్తది. అదీ మంచిదే అనుకున్నాను. డ్రైవరు సీటు అంచు మాత్రం కుట్లు తేలేలా నలిగిపోయి ఉంది. పక్క సీటు కొత్తగా ఉంది.

అప్పుడు ఆటోనగర్ అన్న గారి సంచి గుర్తొచ్చింది. అర తెరిచి కాగితాలు తీశాను. మాన్యువల్, పాత కాలుష్య ధ్రువపత్రాలు రెండు, గుడిలో ఇచ్చిన కుంకుమ పొట్లం. మాన్యువల్ పేజీల మధ్య మడత పెట్టిన గులాబీ రంగు రసీదు. చక్రాల అలైన్‌మెంట్ బిల్లు. 2023 జూన్, 450 రూపాయలు, బండి నంబరు ఇదే. కిందనే నీలం ఇంకుతో రాసి ఉంది: 71,310.

మీటరు ముందు నిలబడి చూశాను. 48,206.

తీసుకెళ్లి దుకాణంలో కుర్రాడికి చూపించాను. అతను చదివి, 'అంకె తప్పు రాసుంటారు సార్' అన్నాడు. డాక్టరు గారి నంబరు ఇవ్వమన్నాను. ఆయన అమెరికా వెళ్లారన్నాడు. ఆ రసీదు నా చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఫొటో ముందే తీసుకున్నాను.

ఎయిర్‌బ్యాగ్ ఒక్కటే ఉంది.

ముందు సీటు, కూకట్‌పల్లి
శనివారం, రాత్రి 8.15

నేను ఆదివారమే చెప్పాను. కొత్తది.

వడ్డీ కాసులు, నెల్లూరు
శనివారం, రాత్రి 8.22

ఒక దొంగ దుకాణం దొరికిందని 98 వేలు వడ్డీ కట్టమంటారా? మాస్టారూ, దుకాణాలు వదిలేయండి. మీది ఉపాధ్యాయ లోకం. ప్రతి ఏడాదీ ఎంతమంది రిటైరవుతారు? వాళ్లలో ఎంతమంది కారు అమ్ముకుని పిల్లల దగ్గరికి వెళతారు? అక్కడ అడగండి. తక్కువైన డబ్బుకు పాత కారు అప్పు తీసుకోవద్దు, వడ్డీ కొత్త దానికంటే నాలుగైదు శాతం ఎక్కువ పడుతుంది. మీ ఉపాధ్యాయుల పరపతి సంఘంలో చూడండి.

ముందు సీటు, కూకట్‌పల్లి
శనివారం, రాత్రి 8.40

సరే, ఓడిపోయాను అనను కానీ ఒక మాట చెబుతాను. ఒకవేళ కొత్తదే అయితే, బిల్లు ముక్కలుగా విడదీసి అడగండి. నా బిల్లులో 'నిర్వహణ ఖర్చులు' అని 9 వేలు, అడగని సీటు కవర్లు, తివాచీలు 18 వేలు వేశారు. బీమా వాళ్ల దగ్గరే తీసుకోవాలన్నారు. బయట అదే పాలసీ 11 వేలు తక్కువకు దొరికింది. గట్టిగా అడిగితే తగ్గించారు. డిసెంబరు తగ్గింపు నిజమే, కానీ జనవరి రాగానే కాగితం మీద అది నిరుటి బండి. పదేళ్లు ఉంచుకునేవాళ్లకు ఫరవాలేదు, మూడేళ్లలో అమ్మేవాళ్లకు అక్కడే కొట్టేస్తుంది.

లెక్కల మాస్టారు, సూర్యాపేట
మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6.30

కొన్నాను.

కోదాడలో ఒక రిటైరైన ప్రధానోపాధ్యాయుడు. బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. 2022 ఫిబ్రవరి బండి, 31 వేల కిలోమీటర్లు. సర్వీసు రసీదులన్నీ తారీఖుల వారీగా దారంతో కుట్టి ఫైలులో పెట్టారు. హాజరు పట్టీ రాసిన చెయ్యి కదా. స్టెప్నీ మీద 4721, ఇంకా కొత్త టైరుకు ఉండే రబ్బరు వెంట్రుకలు అలాగే ఉన్నాయి. రెండు ఎయిర్‌బ్యాగులు. ఎడమ తలుపు మీద గేటు తగిలిన సొట్ట ఒకటి. దాన్ని ఆయనే ముందు చూపించారు, అది చూపించాకే కాఫీ ఇచ్చారు.

5 లక్షల 85 వేలు చెప్పారు. వడ్డీ కాసులు గారి జీఎస్‌టీ లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు సరిచూశారు. 5 లక్షల 45 వేలకు ఒప్పుకున్నారు. తక్కువైన డబ్బు పరపతి సంఘంలో తీసుకున్నాను. పాత చలాన్లు రెండు ఉంటే ఆయనే కట్టేశారు. ఇద్దరం కలిసే ఫారాలు నింపాం, నా పేరు, తారీఖు నా కళ్లముందు రాశాకే ఆయన సంతకం చేశారు. వరంగల్ మిత్రుడికి కృతజ్ఞతలు.

ధనుర్మాసం సంగతి నాన్ననే అడిగాను. కాసేపు ఆలోచించి, 'కొత్త వస్తువుకు కదా శూన్యమాసం, ఇది ఎప్పుడో పుట్టింది' అన్నారు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు మాత్రం ఆయనే దగ్గరుండి పెట్టించారు.

ఇద్దరు పిల్లల తల్లి, కాకినాడ
ఆదివారం, రాత్రి 7.02

శుభాకాంక్షలు మాస్టారూ. చిన్నపిల్లవాడిని వెనక సీట్లోనే కూర్చోబెట్టండి, ఎంత ఏడ్చినా సరే.

ఆటోనగర్ అన్న, విజయవాడ
ఆదివారం, రాత్రి 7.30

2022 బండి కదా, పెట్రోలు పైపుల రబ్బరు ఒకసారి చూపించుకోండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఏప్రిల్ నుంచి తయారైన వాటికి దానికి తగ్గ రబ్బరు వేస్తున్నారు, అంతకు ముందు వాటికి మాన్యువల్‌లో చూడాలి. భయపడాల్సిన పని కాదు, సర్వీసులో అడిగితే చాలు. కూలెంట్, బ్రేకు ఆయిల్ మార్పించండి. ఆ గులాబీ రంగు రసీదు ఫొటో నాకు పంపండి, మా దుకాణం గోడకు అంటిస్తాను.

కట్టని చలాను, వరంగల్
ఆదివారం, రాత్రి 9.15

మాస్టారూ, ఆ మొదటి బండి ఏమైంది? అమ్ముడుపోయిందా?

లెక్కల మాస్టారు, సూర్యాపేట
ఆదివారం, రాత్రి 9.21

ఇప్పుడే చూశాను. ప్రకటన అలాగే ఉంది. ధర 40 వేలు తగ్గింది. కిలోమీటర్లు 48 వేలే. డాక్టరు గారు మాత్రం ఇప్పుడు 'లేడీ డాక్టరు గారు' అయ్యారు.